ఓబులమ్మ ఇంటి చాసీ

1955 ఎండాకాలం మొదట్లో నన్ను కర్నూలు నుంచి కడపకు మార్చారు. కర్నూలు అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. సగం ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. గాలిదుమారం లేస్తే ఫైళ్లకంటే ముందు గుడారం గుంజ పట్టుకోవాల్సి వచ్చేది. కడపలో నెత్తిమీద కప్పయినా ఉంటుందని సంతోషించాను. నా ఉద్యోగం మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు, రెండో గ్రేడు. జనం మమ్మల్ని ‘బ్రేకినస్పెక్టరు’ అనేవారు కానీ, బ్రేకులు చూడటం మా పనిలో ఒక ముక్క మాత్రమే. బస్సుగానీ లారీగానీ రోడ్డుమీద తిరగడానికి యోగ్యంగా ఉందని మేం సంతకం పెట్టాలి. దాన్ని ఎఫ్.సి. అంటారు. అది లేనిదే పర్మిట్ ఉన్నా లేనట్టే. ప్రమాదం జరిగితే లోపం బండిదా, మనిషిదా, రోడ్డుదా అని తేల్చి ఆర్.టి.ఓ. గారికి రిపోర్టు రాయాల్సిందీ మేమే.

నేను ఛార్జి తీసుకునేసరికి ఓబులమ్మ వ్యవహారం సగంలో ఉంది. ఆమె భర్త చెన్నారెడ్డికి ఒకటే బస్సు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన లారీని కొని, దానిమీద చెక్కబాడీ కట్టించి, తనే డ్రైవరుగా తిప్పుకునేవాడు. నేను రాక ముందు ఆ చలికాలంలో, ఘాట్ దిగుతుంటే రోడ్డు అంచు కుంగి బస్సు పక్కబండకు కొట్టుకుంది. ప్రయాణికులు దెబ్బలతో బయటపడ్డారు. చెన్నారెడ్డి గుండెకు స్టీరింగు అదుముకుని అక్కడికక్కడే పోయాడు. లోపం రోడ్డుదేనని నాకు ముందున్న ఇన్‌స్పెక్టరు రాసి వెళ్లారు.

పర్మిట్‌దారుడు చనిపోతే వారసులు దాన్ని తమ పేరున మార్పించుకోవచ్చు. దానికి చట్టం కొంత గడువిస్తుంది. ఆలోపు బండిని బాగుచేసి చూపించకపోతే ఆ రూటు ఇంకొకరి పాలవుతుంది. ఓబులమ్మకున్నది మెట్టభూమి, వానలు రెండేళ్లుగా మొహం చాటేశాయి. మొగుడు పోయిన ఇంట్లో రూటు కూడా పోవడమంటే గోరుచుట్టు మీద రోకటిపోటే. పిల్లలిద్దర్నీ పుట్టింట్లో వదిలి, ఆమె ఆ బస్సునే పట్టుకుని కూర్చుంది.

బస్సుకు తగిలిన పెద్ద దెబ్బ చాసీకి. చాసీ అంటే బండికి వెన్నెముక: రెండు పొడుగాటి ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ అడ్డకమ్మీలు, రివిట్లతో బిగించి ఉంటాయి. ఇంజనూ ఇరుసులూ బాడీ అన్నీ దానిమీదే ఆధారపడతాయి. ఆ చాసీ ఎడమవైపు ముందుమూల వంగిపోయింది. అలాంటి పని చేసే వర్క్‌షాపులు మద్రాసులో ఉన్నాయి. అక్కడికి లాక్కెళ్లి, వాళ్ల వంతు కోసం కాచుకుని, తిరిగి తెచ్చుకునేలోపు గడువు దాటిపోతుంది. అందుకని ఇంట్లోనే సరిచేయించుకుంటామని ఆమె అర్జీ పెట్టుకుంది. ఇంట్లో చేయకూడదని చట్టంలో ఎక్కడా లేదు. అయితే బాడీ కట్టకముందే ఉత్త చాసీని మాకు చూపించాలని ఆర్.టి.ఓ. గారు షరతు పెట్టారు. చెక్కలూ రేకులూ కప్పేశాక లోపలి వంకర దేవుడికే కనబడుతుంది.

ఊరిపేరు చెప్పను, ఆ ఇంటివాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. నేను వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఇంటి వెనక ఎత్తైన రాతిగోడల మధ్య పెద్ద దొడ్డి. గాలి అనేది లేదు. నడుమ చాసీ నాలుగు మూలలా కడపబండల దొంతులమీద ఎక్కి ఉంది. దానికింద మనిషి నిలబడితే రొమ్ముదాకా వచ్చే గుంత, ఒక చివర దిగడానికి ఏటవాలుగా తవ్వారు. అడుగునుంచి రివిట్లు చూసుకోవడానికి వర్క్‌షాపుల్లోనూ అలాంటి గుంతే ఉంటుంది. దొడ్డి గోడ అవతల కపిలబావి, అంటే ఎద్దులు మోటతో నీళ్లు తోడే బావి.

పని చేస్తున్నవాడు మస్తాను. యుద్ధకాలంలో మిలిటరీ మోటారు వర్క్‌షాపులో పనిచేసి వచ్చినవాడు. వంగిన చోట బొగ్గులకుంపటి పెట్టి ఉక్కును మసక ఎరుపుదాకా కాచి, చాసీ వెనకభాగాన్ని రాతిస్తంభానికి కట్టి, ముందుమూలకు గొలుసు తగిలించి కపిలెద్దులతో లాగిస్తున్నాడు. లారీతో ఎందుకు లాగించవని అడిగితే నవ్వాడు. లారీ గుంజుతుంది సార్, ఎద్దు సాగదీస్తాది అన్నాడు. నిజమే. కపిలెద్దులకు బరువు తూకంగా లాగడం పుట్టుకనుంచీ అలవాటు. ఇంత చక్కటి ఏర్పాటు నేను మద్రాసులోనూ చూడలేదు.

అయినా చాసీ సరిగ్గా లేదు. నేను రసమట్టం పెట్టి వాలు చూశాను. కుడివైపు నీటుగా ఉంది, ఎడమ ముందుమూల కిందికి దిగి ఉంది. దీన్ని మెలిక అంటాం, అన్ని వంకరల్లోకీ చెడ్డది అదే. మస్తాను తల పట్టుకున్నాడు.

“ప్రతి పొద్దూ సరి చేస్తాండా సార్. సాయంత్రం సూస్తే సక్కంగా ఉంటాది. తెల్లారి వస్తే మళ్లా ఆ మూలే దిగిపోయింటాది. ఎవరో పట్టుకోని కిందికి లాగినట్లుండాది.”

ఎవరో అని అతను అన్నాడే కానీ, ఎవరో అందరికీ తెలుసు. చెన్నారెడ్డి కూర్చునే మూల అదే. యుద్ధకాలం నాటి ఆ లారీకి స్టీరింగు ఎడమవైపు ఉండేది. గుంత అంచున ఒక పళ్లెంలో సంగటిముద్ద, పచ్చిమిరప ఊరుబిండి, పక్కన బీడీలు పెట్టి ఉన్నాయి. ఓబులమ్మ రోజూ మధ్యాహ్నం పెడుతుందట. పళ్లెం చుట్టూ ఈగలు ముసిరాయి. ఆ పక్కనే గుంతలోకి వంగి చూస్తే, అడుగున ఒక కోడిపెట్ట నిద్రపోయినట్టు పడుకుని చచ్చి ఉంది. దానిమీద మాత్రం ఒక్క ఈగ లేదు.

మస్తాను లాంతరు వెలిగించి గుంతలోకి దిగాడు, అడుగువైపు రివిట్లు నాకు చూపిద్దామని. లాంతరు నడుముదాకా దించగానే మంట ఎర్రబడి, కుదించుకుని, ఆరిపోయింది. గాలి లేదు, ఊదినవాడు లేడు. అతను గబగబా పైకి వచ్చేసి రొమ్ము పట్టుకుని కూర్చున్నాడు. కాస్త సేపు కింద ఉంటే చాలు, ఎవరో రొమ్ముమీద మోకాలు పెట్టి అదిమినట్టు ఉంటుందన్నాడు. స్టీరింగు అదుముకుని పోయిన మనిషి అందరికీ గుర్తొచ్చాడు.

ఆ మాట పైకి అన్నది చెన్నారెడ్డి తమ్ముడు గంగిరెడ్డి. వేరుపడి పక్కింట్లో ఉంటున్నాడు. మంచివాడే, వదినకు ఎద్దులిచ్చి తోలుతున్నవాడు. కానీ గుంతకు పదిబారల దూరంలోనే నిలబడ్డాడు. “ఇనుముకు అమ్మేయమని చెప్తాండాను సార్. మా అన్న ఇడ్సిపెట్టడంల్యా. బతికున్నోళ్లం మనం ఇడ్సిపెట్టాల” అన్నాడు.

నాకు చిరాకేసింది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది మీ వరస అన్నాను. బొగ్గులకుంపటి గుంత దగ్గర పెడితే విషపుపొగ కిందికి దిగుతుంది, అందుకే దీపం ఆరింది, కోడి చచ్చింది, రొమ్ము పట్టేసింది, ఇకమీదట కుంపటి దూరంగా పెట్టండి అని గట్టిగా చెప్పాను. అందరూ తలలూపారు. నా తెలివికి నేనే మురిసిపోతూ కడప వచ్చేశాను.

గడువు ఇక కొన్ని వారాలే ఉందనగా మళ్లీ వెళ్లాను. ఈసారి కుంపటి వెలిగించి చాలా రోజులైందట, కాచే పని అయిపోయింది, ఎద్దులతో చల్లగానే లాగుతున్నారు. బొగ్గు లేదు, బూడిద కూడా ఊడ్చేశారు. అయినా చాసీ మూల దిగే ఉంది. నేను స్వయంగా లాంతరు వెలిగించి, తాడుకట్టి గుంతలోకి దించాను. సరిగ్గా ఆ లోతులోనే మంట ఎర్రబడి ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించాను, మళ్లీ అంతే. నేను చెప్పిన కారణం ఇప్పుడు లేదు, జరిగేది మాత్రం జరుగుతూనే ఉంది. గోడమీది కాకి కూడా అరవని ఆ మధ్యాహ్నం, ఆరిపోయిన లాంతరు పట్టుకుని నిలబడ్డ నాకు భయమేసింది. ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు.

ఓబులమ్మ అప్పుడు నాతో మొదటిసారి నేరుగా మాట్లాడింది. ముప్పై దాటని మనిషి, ముఖం నల్లగా ఎండిపోయి ఉంది.

“ఆయప్ప ఎవర్నీ ఏమీ సేయడు సామీ. ఊరికే కూసోని ఉంటాడు. మీరు సంతకం పెట్టండి, బస్సు కదిల్తే ఆయప్ప కూడా ఎక్కి పోతాడు.”

చూడకుండా సంతకం పెట్టలేనని చెప్పాను. అడుగు రివిట్లు చూడాలి, ఇంకో దారి లేదు. మస్తాను నాకేసీ ఆమెకేసీ చూసి, నేను దిగుతా సార్, మీరు అడిగింది అడగండి, గబగబా చూసి చెప్పేస్తా అన్నాడు. నడుము కట్టు బిగించి, సుత్తి పట్టుకుని ఏటవాలు దిగాడు. ఒక్కొక్క రివిటునూ కొట్టి గట్టిదో వదులో చెబుతున్నాడు. రివిటు గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, వదులైతే బొంగురుగా పలుకుతుంది. నాలుగైదు ఖంగుమన్నాయి. తర్వాత శబ్దం ఆగిపోయింది.

పిలిచాను, పలకలేదు. వంగి చూస్తే గుంత అడుగున గోడకు ఆనుకుని కూర్చున్నట్టు ఉన్నాడు, కళ్లు సగం తెరిచి. గంగిరెడ్డి వెనక్కి జరిగాడు. నేను బూట్లు కూడా విప్పకుండా గుంతలోకి కాలు పెట్టాను. వెనకనుంచి ఎవరో చొక్కా కాలరు పట్టుకుని ఎంత గట్టిగా లాగారంటే, వెల్లకిలా పడ్డాను. ఓబులమ్మ.

“దిగొద్దు సామీ! ఆడ మనిషి ల్యాడు! ఆడ పాతర ఉండాది!”

ఆ అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. దాని అర్థం మాత్రం నాకు తట్టలేదు. నాది గోదావరి డెల్టా. మా ఊళ్లో గునపం దించితే నీళ్లొస్తాయి, భూమిలో ధాన్యం దాచుకోవడం ఎరగం. సీమలో గట్టినేలలో కుండలాగా, మూతి చిన్నదిగా కడుపు పెద్దదిగా గొయ్యి తవ్వి, అందులో జొన్నలు పోసి, మూతిమీద బండ వేసి మట్టి కప్పేస్తారు. అదే పాతర. కరువు వస్తే తవ్వుకుంటారు. మూసిన పాతరలో ఊపిరి ఆడనివ్వని గాలి చేరుతుంది. అందుకే తెరిచిన వెంటనే ఎవరూ దిగరు. మొదట దీపం దించి చూస్తారు. ఈ సంగతి అక్కడ పసిపిల్లకు కూడా తెలుసు.

అప్పుడు ఆలోచించే తీరిక లేదు. ఓబులమ్మ దొడ్డిలో విప్పి పెట్టిన ఇంజనుమీద కప్పిన పెద్ద గోనెపట్టా లాగి, ఒక కొస నా చేతిలో పెట్టి, గుంతలోకి దించి ఎత్తమంది. పాతరలో చెడుగాలిని వెళ్లగొట్టడానికి వాళ్లు చేసే పద్ధతి అదే. ఇద్దరం పిచ్చివాళ్లలా విసిరాం. గంగిరెడ్డి మాత్రం కదలడే. ఆమె విసురుతూనే అరిచింది: “గంగా, అది మీ అన్న గాదు! గాలి! మస్తాను సస్తాండాడు, నడుముకు తాడు కట్టుకోని దిగు!” వదిన నోట ఆ మాట విన్నాక అతనికి కాళ్లు వచ్చాయి. నడుముకు మోటతాడు కట్టుకుని, ఊపిరి బిగబట్టి దూకి, గొలుసు కొక్కెం మస్తాను నడుముకట్టుకు తగిలించి పైకొచ్చాడు. ముగ్గురం కలిసి లాగాం.

మొహాన నీళ్లు కొట్టి, విసిరి, పడుకోబెట్టాక చాలా సేపటికి మస్తాను దగ్గాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అతను మొదట అన్న మాట ఇది: “చెన్నన్న తిట్టినాడక్కా. బండి సక్కంగానే ఉండాది గదరా, ఎందుకు లాగుతాండావు అన్న్యాడు.”

ఓబులమ్మ నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించి కాళ్లమీద పడబోయింది. మస్తాను బతికాడు కదమ్మా అన్నాను. ఆమె భయం అది కాదు. కంట్రోలు రోజుల్లో, అంటే ధాన్యం నిల్వలను సర్కారు కట్టడి చేసిన కాలంలో, అధికారులు ఊళ్లమీద పడి, దాచిన ధాన్యం వెతికి పట్టుకుపోయేవారు. కంట్రోళ్లు ఎత్తేసినా ఆ భయం ఎత్తేయలేదు. ఖాకీచొక్కా ఎవరిదైనా ఆమెకు ఒకటే. మామగారి కాలంలోనే ఆ పాతర పూడ్చేశారని గంగిరెడ్డితో సహా ఊరంతా అనుకుంటోంది. చెన్నారెడ్డి గుట్టుగా నింపాడు. మొగుడు పోయాక, మూతి ఎవరి కంటా పడకూడదని ఆమే చాసీ మూల ఒకటి సరిగ్గా దానిమీదికి వచ్చేట్టు పెట్టించింది. కింద మస్తాను గుంత తవ్వుతాడని ఆమె అనుకోలేదు. తవ్వుతుంటే వద్దనడానికి కారణం చెప్పలేకపోయింది. దీపం ఆరినప్పుడు ఆమెకెందుకు తట్టలేదని నేను అడగలేదు. ఆమే చెప్పింది.

“తట్టింది సామీ. తట్టినా, ఆయప్పే అయింటే బాగుండు అనుకుంటి. మస్తాను కూలబడింది సూసినాక కాదనిపించింది. మా పుట్టింట్లో మా చిన్నాయన అట్లే కూలబడి పాయె.”

నేను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ని, జొన్నలు నా డిపార్టుమెంటు కాదు, రిపోర్టులో ఆ ఊసే ఉండదు అని చెప్పాను. ఆమె నమ్మడానికి కాస్త సమయం పట్టింది.

మర్నాడు పాతర తెరిచారు. గుంత తవ్వినప్పుడు పాతర పక్కగోడ బీటలిచ్చింది. పనిలో పారబోసిన నీళ్లు ఆ బీటల్లోంచి దిగి జొన్నలు తడిసి పులిశాయి. పులిసిన ధాన్యం నుంచి వచ్చే బొగ్గుపులుసు గాలి మామూలు గాలికన్నా బరువు, నీళ్లలాగే పల్లానికి దిగి గుంతలో నిలిచింది. చాసీ దిగడానికీ అదే కారణం. ఎడమ ముందుమూల దొంతి పాతర కడుపుమీద ఉంది. తడిసిన గోడ రోజూ కొంచెం కుంగుతోంది, దొంతి దిగుతోంది, దాంతోపాటు మూలా దిగుతోంది. చాసీని దొడ్డి బయట రాతినేలమీదికి మార్చి కొలిచాం. ఎడమ మూల కిందికి కాదు, పైకి మెలితిరిగి ఉంది! వంకర ఎప్పుడో తీరిపోయింది. నేల కుంగడాన్ని చాసీ వంకర అనుకుని, రోజూ చక్కటిదాన్ని లాగి లాగి ఎదురువంకర తెచ్చారు. మస్తాను చెవిన పడ్డ మాట నిజమే అయింది. చేతికి తెలిసిన పని స్పృహ తప్పుతున్నప్పుడు మాటగా వినబడి ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అంతకుమించి నాకు తెలియదు.

రాతినేలమీద ఎద్దులు రెండు పట్లు పట్టేసరికి చాసీ సరిగ్గా వచ్చి నిలిచింది. రివిట్లన్నీ చూశాను, ఉక్కుకు ఎక్కడా పగులు లేదు. సరిగా ఉందని రాసిచ్చాను. గడువులోపే బాడీ కట్టించారు, రూటు ఓబులమ్మ పేరునే నిలిచింది. బస్సు తోలడానికి ఒక డ్రైవరును పెట్టుకుంది.

చాసీకి సంతకం పెట్టిన రోజు, నేను బయలుదేరుతుంటే ఆమె వాకిట్లోకి వచ్చింది. మస్తానుకు వినబడిన మాట గురించి అడిగింది. మీ లెక్కలో అది కూడా గాలేనా సామీ అంది. అవునమ్మా, ఊపిరి అందక మెదడు తిమ్మిరెక్కినప్పుడు మనిషికి ఏవేవో వినబడతాయి, తెలిసినవాళ్ల గొంతులే వినబడతాయి అన్నాను. శాస్త్రం చెప్పానని అనుకున్నాను.

ఆమె చాలా నెమ్మదిగా, “అట్లయితే నేను దిగినా ఇనపడేది గదా” అంది.

నేను బండి ఎక్కలేదు. గంగిరెడ్డిని పిలిచి, జీతగాళ్లను పిలిపించి, చెడిన జొన్నలు తోడించి, గుంతనూ పాతరనూ రాళ్లూ మట్టీ పోసి నేలమట్టం చేసేదాకా ఆ దొడ్డిలోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. ఆమె దొడ్డివాకిలి గడప మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. తర్వాత సర్వీసంతా నేను ఇదే పద్ధతి పాటించాను. ప్రమాదం ఎక్కడుందో కనిపెట్టి, కారణం చెప్పి, జాగ్రత్తగా ఉండమని వచ్చేస్తే తనిఖీ పూర్తయినట్టు కాదు. ఆ చోటు మూతపడటం కళ్లారా చూసి రావాలి.